తగ్గాల్సింది బరువా, కొవ్వా?

2004లో లాన్సెట్ వైద్య పత్రికలో ఒక ఫొటో అచ్చయింది. అందులో ఇద్దరు డాక్టర్లు. ఒకరు పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, ఇంకొకరు లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్. ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే బీఎంఐ ఇద్దరికీ ఒకటే: 22.3. చూడ్డానికి ఇద్దరూ సన్నగానే ఉంటారు. ఒంట్లో కొవ్వెంతో కొలిచి చూస్తే మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం తేలింది. బీఎంఐ ఒకటే, లోపలి సరుకు వేరు.

మన దేశంలో బరువు గురించి ఏం మాట్లాడినా ఈ తేడా దగ్గరే మొదలుపెట్టాలి. యూరప్ వాళ్లతో పోలిస్తే మనకు అదే బరువులో కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. ఆ కొవ్వు కూడా పొట్ట చుట్టూ, లోపల కాలేయం చుట్టూ చేరుతుంది. అందుకే అక్కడ బీఎంఐ 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం అంటుంటే, మన డాక్టర్లు 2009లో ఆ గీతల్ని 23కీ 25కీ దించారు. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదన్నారు. 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దేశవ్యాప్త సర్వేలో బీఎంఐ లెక్కన ఊబకాయం ఉన్నవాళ్లు 28.6 శాతమైతే, పొట్ట దగ్గర కొవ్వు పేరుకున్నవాళ్లు 39.5 శాతం. అంటే బరువు చూసే మెషిన్ ఎక్కితే ఫర్వాలేదనిపించి, టేపు పెడితే దొరికిపోయేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు.

టేపు ఎక్కడ పెట్టాలో కూడా చెప్పుకోవాలి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ సరిగ్గా మధ్యలో పెట్టాలి. గాలి మామూలుగా వదిలాక కొలవాలి, పొట్ట లోపలికి లాగకూడదు. ప్యాంటు సైజు 34 కదా అని ధీమాగా ఉండొద్దు. మనలో చాలామంది ప్యాంటు కట్టేది పొట్ట కింద.

ఇక అసలు విషయం. ఎంత తగ్గుతామన్నది ఎక్కువగా వంటింట్లో తేలుతుంది. తగ్గేది కొవ్వా, కండా అన్నది జిమ్‌లోనూ పళ్లెంలోని ప్రొటీన్‌లోనూ తేలుతుంది. ఈ రెంటినీ ఒకే ప్రశ్నగా చూడటం వల్లే ట్రెడ్‌మిల్ మీద గంటలకొద్దీ పరిగెత్తి, రాత్రి భోజనం మానేసి, ఆరు నెలలకు నీరసంగా, మొహం పీక్కుపోయి, పొట్ట మాత్రం అలాగే ఉన్నవాళ్లు ప్రతి వీధిలోనూ కనిపిస్తారు.

ముందు లెక్క చూద్దాం. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 క్యాలరీల లోటు కావాలి. 38 ఏళ్ల వయసు, 170 సెంటీమీటర్ల ఎత్తు, 75 కిలోల బరువుతో రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని పనిచేసే మగమనిషిని తీసుకుందాం. అతని ఒళ్లు రోజుకు 2,100 నుంచి 2,200 క్యాలరీలు ఖర్చుచేస్తుంది. అందులో 1,600 దాకా ఊపిరి పీల్చడానికీ గుండె కొట్టుకోవడానికీ మెదడు పనిచేయడానికే పోతుంది. రోజూ 500 తక్కువ తింటే వారానికి అరకిలోకి కాస్త తక్కువగా తగ్గుతాడు. అదే మనిషి గంటకు 5 కిలోమీటర్ల వేగంతో గంటసేపు నడిస్తే పోయేది 260 క్యాలరీలు. ఆ గంట ఊరికే కూర్చున్నా పోయేవి తీసేస్తే 190 కూడా మిగలవు. వాకింగ్ అయ్యాక పార్కు గేటు దగ్గర నాలుగు మిర్చి బజ్జీలు లాగిస్తే ఆ లెక్క అక్కడే చెల్లు.

అలాగని నడక దండగ కాదు. గుండెకు, షుగరుకు, మనసుకు నడకంత చవకైన మందు లేదు. దాంతో బరువు దిగుతుందని ఆశపడటమే తప్పు. పైగా వ్యాయామం పెంచినకొద్దీ ఒళ్లు ఇంకోచోట ఖర్చు తగ్గించుకుంటుంది. టాంజానియాలో వేటాడి, దుంపలు తవ్వుకుని బతికే హడ్జా తెగవాళ్ల మీద హెర్మన్ పాంట్జర్ బృందం 2012లో అధ్యయనం చేసింది. మనకన్నా ఎన్నో రెట్లు నడిచే వాళ్లు రోజు మొత్తం మీద ఖర్చుచేసే శక్తి, శరీర పరిమాణం లెక్కలోకి తీసుకుంటే, కుర్చీల్లో కూర్చునే అమెరికన్లు, యూరప్ వాళ్ల ఖర్చుతో దాదాపు సమానంగా తేలింది.

కాబట్టి వంటింట్లోకి వెళ్దాం. చాలామంది అన్నంతో మొదలుపెడతారు, నేనైతే నూనె డబ్బాతో మొదలుపెడతాను. నలుగురున్న ఇంటికి నెలకు ఎన్ని లీటర్లు వస్తోంది? ఐదు లీటర్లనుకుందాం. మనిషికి రోజుకు 41 మిల్లీలీటర్లకు పైనే పడింది. గ్రాముకు 9 క్యాలరీల చొప్పున 340 క్యాలరీలు. ఇందులో బయట తిన్న పునుగులు, బిర్యానీ, ఆఫీసు క్యాంటీన్ వేపుళ్లు కలవలేదు. అదే నెలకు మూడు లీటర్లకు తెస్తే మనిషికి రోజుకు 135 క్యాలరీల దాకా మిగులుతాయి. బెండకాయ వేపుడు బదులు పులుసు పెట్టడం, పోపుకు డబ్బా వంచకుండా స్పూనుతో వేయడం చాలు, ఎవరి కడుపూ మాడదు. పళ్లెంలో కంటికి కనిపించకుండా ఇన్ని క్యాలరీలు దాచేది నూనె ఒక్కటే.

తర్వాతే అన్నం. రైస్ కుక్కర్‌తో వచ్చే చిన్న కప్పులో 150 గ్రాముల బియ్యం పడతాయి. అంటే 530 క్యాలరీలు. పూటకో కప్పు తినేవాళ్లు సగం ఆహారం అన్నంతోనే నింపేస్తున్నట్టు. అన్నం విషం కాదు, దానిమీద ఇంత భయం అక్కర్లేదు. కానీ మన భోజనం వరస చూడండి: పప్పుతో అన్నం, కూరతో అన్నం, పులుసుతో అన్నం, చివర పెరుగన్నం. ప్రతి వాయికీ అన్నమే పీట. కూర, పప్పు అన్నాన్ని తినడానికి వాడే నంజుళ్లలా మిగిలిపోయాయి. కూరను రెండింతలు చేసి అన్నాన్ని సగానికి తెస్తే, పళ్లెం అంతే నిండుగా ఉండి క్యాలరీలు తగ్గుతాయి.

అన్నం మాని చిరుధాన్యాలకు మారినవాళ్లకు ఒక చేదు నిజం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికలు తీస్తే, వంద గ్రాములకు బియ్యంలో 356 క్యాలరీలుంటే, జొన్నల్లో 334, సజ్జల్లో 348, రాగుల్లో 321. తేడా పెద్దదేం కాదు. పీచు ఎక్కువ కాబట్టి రెండు జొన్నరొట్టెలతో కడుపు నిండినట్టుంటుంది, ఖనిజాలూ ఎక్కువ. లాభం ఆ మేరకే. మిల్లెట్ కదా అని మూడు పూటలా బొజ్జనిండా తింటే బొజ్జ అక్కడే ఉంటుంది. మిల్లెట్ బిస్కట్లు, మిల్లెట్ మిక్చర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

తెలుగునాట ఈ ఇరవై పాతికేళ్లలో రెండు ఆహార పద్ధతులు ఊపేశాయి. మంతెన సత్యనారాయణరాజు గారిది ఉప్పూ నూనే లేని వంట, పచ్చి కూరలు, మొలకలు, పండ్లు. వీరమాచనేని రామకృష్ణ గారిది దానికి పూర్తిగా ఎదురు దారి: అన్నం, చపాతీ పూర్తిగా మాని కొవ్వు పెంచడం. ఒకరు నూనె వద్దంటారు, ఒకరు నూనె తాగమంటారు. మరి రెండిట్లోనూ తగ్గినవాళ్లు ఎలా ఉన్నారు? వాటి వైద్య వాదనల జోలికి నేను పోవడం లేదు. బరువు వరకే చూస్తే జవాబు తేలికే. రెండూ మనిషి తినే రకాల్ని సగానికి సగం కోసేస్తాయి. స్వీట్లు, చిరుతిళ్లు, హోటల్ తిండి రెండిట్లోనూ పోతాయి. తెలియకుండానే క్యాలరీలు పడిపోతాయి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో క్రిస్టఫర్ గార్డ్‌నర్ 609 మందిని రెండు జట్లు చేసి, ఏడాదిపాటు ఒక జట్టుకు కొవ్వు తగ్గించి, ఒక జట్టుకు పిండి పదార్థాలు తగ్గించి చూశారు. 2018లో ఫలితాలొచ్చాయి: ఒక జట్టు సగటున 5.3 కిలోలు తగ్గితే రెండోది 6. లెక్కలోకి తీసుకోదగ్గ తేడా లేదన్నారు. కాబట్టి ఏ పద్ధతి గొప్పదని చుట్టాలతో పోట్లాడేకన్నా, ఏది ఐదేళ్లపాటు మన ఇంట్లో నడుస్తుందో చూసుకోవడం మేలు. షుగరు మాత్రలో ఇన్సులినో వాడుతున్నవాళ్లు డాక్టరుకు చెప్పకుండా ఒక్కసారిగా అన్నం మానకూడదు. మందు డోసు పాతదే ఉంటే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు.

అన్నం మానగానే మొదటి వారంలోనే రెండు మూడు కిలోలు దిగడం వెనక కిటుకు నీళ్లు. మన కండరాల్లో, కాలేయంలో అరకిలో దాకా గ్లైకోజన్, అంటే ఒళ్లు దాచుకున్న గ్లూకోజు, నిల్వ ఉంటుంది. ప్రతి గ్రాము గ్లైకోజన్ తనతో మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. పిండి పదార్థాలు ఆపితే ఆ నిల్వ తరిగి, నీరంతా బయటికి పోతుంది. పెళ్లికి వెళ్లి ఒక్కపూట పులిహోర, బొబ్బట్లు తింటే మర్నాడు కిలోన్నర పెరగడానికి కారణమూ అదే. రెండుసార్లూ కొవ్వుకు జరిగింది పెద్దగా ఏమీ లేదు. రోజూ మెషిన్ ఎక్కి సంతోషపడటం, టెన్షన్ పడటం రెండూ వృథా. వారమంతా పొద్దున్నే చూసి సగటు తీసుకోండి, లేదంటే వారానికి ఒక్కసారే ఎక్కండి.

తొందరపడితే ఏమవుతుందో చెప్పడానికి అమెరికా టీవీ షో ‘ద బిగ్గెస్ట్ లూజర్’ ఉదాహరణ చాలు. అందులో పోటీ పడ్డ 14 మందిని అక్కడి ప్రభుత్వ పరిశోధకుడు కెవిన్ హాల్ ఆరేళ్ల తర్వాత మళ్లీ పరీక్షించారు. పోటీలో సగటున 58 కిలోలు తగ్గినవాళ్లు 41 కిలోలు తిరిగి పెరిగారు. అంతకన్నా ఇబ్బందికరమైన విషయం, వాళ్ల ఒళ్లు విశ్రాంతిలో ఖర్చుచేసే శక్తి, ఆ శరీరానికి ఉండాల్సినదానికన్నా రోజుకు దాదాపు 500 క్యాలరీలు తక్కువగా ఉంది. కడుపు మాడ్చుకుని రోజుకు గంటలకొద్దీ కసరత్తు చేసిన ఫలితం అది. నెలకు రెండు కిలోలు తగ్గడం నిదానంగా అనిపిస్తుంది గానీ, ఒళ్లు తట్టుకునే వేగం అటూ ఇటుగా అదే.

ఇప్పుడు జిమ్. తిండి తగ్గించినప్పుడు ఒళ్లు కొవ్వునొక్కదాన్నే కరిగించదు. కండనూ పీక్కుతింటుంది. వ్యాయామం లేకుండా, ప్రొటీన్ చూసుకోకుండా తగ్గితే పోయిన బరువులో సుమారు నాలుగో వంతు కొవ్వు కానిదే అయ్యుంటుంది. అసలే కండ తక్కువున్న మనకు ఇది నష్టాల బేరం. తిన్న తర్వాత రక్తంలోకి వచ్చే గ్లూకోజును ఎక్కువగా లోపలికి లాక్కునేది కండరమే. బరువు తగ్గి, కండ పోగొట్టుకుని, మళ్లీ బరువు పెరిగితే వచ్చేది కొవ్వే ఎక్కువ. రెండు మూడుసార్లు ఇలా జరిగితే 75 కిలోల మనిషి 75 కిలోల దగ్గరే ఉంటాడు, నడుము మాత్రం రెండంగుళాలు పెరుగుతుంది.

కండను కాపాడమని ఒంటికి చెప్పే మార్గం ఒక్కటే, దానికి పని పెట్టడం. అందుకే జిమ్‌లో ట్రెడ్‌మిల్ కన్నా బరువుల మూల ముఖ్యం. అయితే జిమ్‌లో ఒక మాట తెగ వినిపిస్తుంది: కండ పెరిగితే నిద్రలో కూడా కొవ్వు కరుగుతుందని. కిలో కండ విశ్రాంతిలో రోజుకు ఖర్చుచేసేది 13 క్యాలరీలు. ఏడాది కష్టపడి మూడు కిలోల కండ పెంచితే వచ్చే అదనపు ఖర్చు ఒక బిస్కట్‌కు సరి. కండ విలువ షుగరు అదుపులో, ఎముకల బలంలో, అరవై దాటాక నేల మీంచి చేతులు ఆనించకుండా లేవగలగడంలో ఉంది. క్యాలరీల కోసం కండ పెంచాలన్నది అమ్మకపు మాట.

చెమట సంగతీ అంతే. ఎక్కువ చెమట పడితే ఎక్కువ కొవ్వు పోయినట్టు కాదు, నీళ్లు పోయినట్టు. కొవ్వు అసలు పోయేది ఊపిరిలో. పది కిలోల కొవ్వు కరిగితే 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా ముక్కులోంచి బయటికి పోతుంది, మిగిలిన 1.6 కిలోలే నీరు. ఆస్ట్రేలియా పరిశోధకులు 2014లో ఈ లెక్క తేల్చారు. నడుముకు ప్లాస్టిక్ బెల్టు కట్టుకుని పరిగెత్తేవాళ్లకు ఉక్కపోత తప్ప ఒరిగేదేం లేదు. వెల్లకిలా పడుకుని భుజాలు పైకి లేపే క్రంచెస్ వంద చేస్తే పొట్ట కండరం గట్టిపడుతుంది, దాని మీది కొవ్వు అక్కడే ఉంటుంది. కొవ్వు ఎక్కణ్నుంచి ముందు తీయాలో ఒళ్లే నిర్ణయించుకుంటుంది.

మరి చేయాల్సిందేమిటి? కుర్రాళ్లు సోమవారం ఛాతీ, మంగళవారం చేతులు అని పంచుకుని, కాళ్ల రోజు వచ్చేసరికి సెలవు పెడతారు. ఉద్యోగం చేసుకునేవాళ్లకు ఆ పద్ధతి నప్పదు. వారానికి మూడు రోజులు, ప్రతిసారీ ఒళ్లంతా కదిలేలా నలభై ఐదు నిమిషాలు చాలు. కూర్చుని లేచే స్క్వాట్, నేల మీంచి ఎత్తే డెడ్‌లిఫ్ట్, ఛాతీ నుంచి తోసే బెంచ్‌ప్రెస్, ఒంటి వైపుకు లాగే రోయింగ్, తల మీదికెత్తే షోల్డర్ ప్రెస్. పాత తాలింఖానాల్లో దండీలు, బస్కీలు తీయించిన ఉస్తాదులకు తెలిసిందీ ఇదే. జిమ్ అందుబాటులో లేకపోతే అవే చేయండి. ఒక్కోటి మూడు సెట్లు, సెట్‌కు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు. చివరి రెండు కష్టంగా ఉండాలి, నడుము మాత్రం వంకరపోకూడదు. మూడు సెట్లూ పన్నెండు తేలిగ్గా వస్తే రెండున్నర కిలోలు పెంచాలి. ట్రైనర్లు ప్రోగ్రెసివ్ ఓవర్‌లోడ్ అనేది దీన్నే. ఏడాదిగా అవే ఐదు కిలోల డంబెల్స్ ఎత్తుతుంటే ఒంటికి కొత్తగా చేసే పనేమీ లేదు. మొదటి నెలలో ఎంత ఎత్తామన్నదానికన్నా ఎలా ఎత్తామన్నది చూసే ట్రైనర్ దొరికితే అదృష్టం. చేరిన రోజే పౌడర్ డబ్బా అమ్మజూపితే ఇంకో జిమ్ చూసుకోవచ్చు.

ఆడవాళ్లు బరువులెత్తితే మగవాళ్లలా అయిపోతారన్న భయం ఇంకా పోలేదు. అలాంటి కండ రావడానికి కావాల్సిన టెస్టోస్టిరాన్ అనే హార్మోను వాళ్లలో చాలా తక్కువ. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ మన శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి, అదీ వెయిట్‌లిఫ్టింగ్‌లోనే. 2000లో సిడ్నీలో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. పాతికేళ్లు గడిచినా మన ఊళ్ల జిమ్‌లలో ఆడవాళ్లను ట్రెడ్‌మిల్, సైకిళ్ల వైపే పంపుతున్నారు. నెలసరి ఆగాక ఎముకలు గుల్లబారే ముప్పు వాళ్లకే ఎక్కువ కాబట్టి బరువుల అవసరమూ వాళ్లకే ఎక్కువ.

కసరత్తుకు జత ప్రొటీన్. మామూలు మనిషికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు కావాలని ఐసీఎంఆర్ 2020లో చెప్పింది. బరువు తగ్గుతూ కండ నిలుపుకోవాలంటే 1.2 నుంచి 1.6 దాకా కావాలి. మన 75 కిలోల మనిషికి 90 నుంచి 120 గ్రాములు. మరి పొద్దున మూడు ఇడ్లీలు, మధ్యాహ్నం పలచటి పప్పుతో అన్నం, కాస్త పెరుగు, సాయంత్రం చాయ్ బిస్కట్, రాత్రి మళ్లీ అన్నం, కూర తింటే యాభై దాటడం కష్టం. మాంసం తినే ఇళ్లలోనూ ఆదివారం ఒక్కరోజు దండిగా, మిగిలిన ఆరు రోజులూ చారన్నమే.

పెంచడం కష్టమేం కాదు. గుడ్డుకు 6 గ్రాములు. అరవై గ్రాముల పెసలతో వేసిన పెసరట్టులో 14 గ్రాములు, అదే బరువు బియ్యంలో ఐదే. లోపల ఉప్మా మాత్రం వద్దు, రుచికి నేనేమీ అనలేను గానీ లెక్కకు అడ్డం. ముప్పై గ్రాముల మీల్‌మేకర్‌లో 15. నూటయాభై గ్రాముల చికెన్ బ్రెస్ట్‌లో 33. సాయంత్రం మిక్చర్ బదులు సెనగల గుగ్గిళ్లు, అలసందలు. పల్లీల్లో ప్రొటీన్ ఉన్నమాట నిజమే, కానీ వంద గ్రాములకు 500 దాటి క్యాలరీలున్నాయి కాబట్టి గుప్పెడు దగ్గర ఆగాలి. ఇవన్నీ కుదరనివాళ్లకు వే ప్రొటీన్ ఒక స్కూపు పనికొస్తుంది. అది పాల నుంచి తీసిందే, అద్భుతమూ కాదు, విషమూ కాదు. మూత్రపిండాల జబ్బున్నవాళ్లు మాత్రం ప్రొటీన్ ఎంత తినాలో డాక్టరునే అడగాలి.

ఇదంతా కాగితం మీది లెక్కేనా అంటే, కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో 2016లో చేసి చూశారు. నలభై మంది కుర్రాళ్లకు నాలుగు వారాలపాటు అవసరానికన్నా 40 శాతం తక్కువ తిండి పెట్టి, గట్టిగా కసరత్తు చేయించారు. ఒక జట్టుకు కిలోకు 1.2 గ్రాముల ప్రొటీన్, ఇంకో జట్టుకు 2.4. మొదటి జట్టు 3.5 కిలోల కొవ్వు పోగొట్టుకుని కండను నిలుపుకుంది. రెండోది 4.8 కిలోల కొవ్వు పోగొట్టుకోవడమే కాక, కొవ్వు కాని బరువును 1.2 కిలోలు పెంచుకుంది. మెషిన్ మీద చూస్తే రెండు జట్ల మధ్య తేడా దాదాపు తెలియదు.

నిద్ర గురించి ఒక్క మాట, ముఖ్యంగా గచ్చిబౌలిలో అమెరికా వేళలకు పనిచేసేవాళ్లకు. షికాగోలో పదిమందికి ఒకే తిండి పెట్టి, రెండు వారాలు ఎనిమిదిన్నర గంటలు, రెండు వారాలు ఐదున్నర గంటలు పడుకోబెట్టారు. 2010లో వచ్చిన ఫలితం: తగ్గిన బరువు రెండుసార్లూ ఇంచుమించు ఒకటే. నిద్ర తగ్గినప్పుడు అందులో కొవ్వు వాటా సగానికి పైగా పడిపోయి, ఆ మేరకు కండ పోయింది.

ఇప్పుడు ఇంజెక్షన్లూ వచ్చేశాయి. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన దేశంలో అమ్మకానికొచ్చాయి. ఇవి ఆకలిని తగ్గించే మందులు. వెగోవీలోని సెమాగ్లూటైడ్‌తో పెద్ద పరీక్షలో 68 వారాల్లో సగటున 15 శాతం బరువు తగ్గారు. డాక్టరు చూసి రాస్తే అవసరమైనవాళ్లకు ఇది నిజమైన వైద్యమే, సిగ్గుపడాల్సింది లేదు. కానీ ఆకలి చచ్చినప్పుడు మనిషి ముందు మానేసేది పప్పూ కూరా, నాలుగు ముద్దల పెరుగన్నంతో సరిపెట్టుకుంటాడు. అలా తగ్గిన బరువులోనూ కండ పోతుంది. మందు ఆపిన ఏడాదికి తగ్గినదాంట్లో మూడింట రెండొంతులు తిరిగొచ్చినట్టు అదే పరీక్ష కొనసాగింపులో తేలింది. అందుకే సూది మొదలుపెట్టే ముందు డాక్టరును ధరతో పాటు ఇంకో రెండు విషయాలు అడగండి: రోజుకు ఎంత ప్రొటీన్ తినాలి, వారానికి ఎన్ని రోజులు బరువులెత్తాలి.